చెల్లని కాగితాలు

నాణేలు కూడబెట్టేవారిని చూశాము, తపాలా బిళ్ళలు అతికించుకునేవారిని చూశాము. చెల్లని షేరు పత్రాలను డబ్బిచ్చి కొనేవారు కూడా లోకంలో ఉన్నారంటే మా వీధిలో ఇప్పటికీ నమ్మరు. చెల్లని కాసు అన్న మాట మన భాషలో నిందే గాని ప్రశంస కాదు గదా! అయినా నా వద్ద ఒక రేకు పెట్టెలో నలభై దాకా అటువంటి కాగితాలున్నాయి. అన్నీ ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగానివి. బంగారు గనులు, వజ్రాల గనులు, బొగ్గు గనుల కంపెనీలవి. వలస పాలన కాలంలో అచ్చయినవి.

ఈ అభిరుచికి ఇంగ్లీషువారు స్క్రిపోఫిలీ అని పేరు పెట్టారు. 1970ల చివర పుట్టిన మాట ఇది. స్క్రిప్ అనే ఇంగ్లీషు మాటకు ప్రేమ అనే అర్థం గల గ్రీకు పదాన్ని అతికించారు. మన వైయాకరణులు చూస్తే వైరిసమాసమని పక్కన పెట్టి ఉండేవారు. షేరు పత్రాలు, బాండ్లు, గనుల ఒప్పందాలు, లైసెన్సులు, రసీదులు అన్నీ ఈ ప్రేమ పరిధిలోకే వస్తాయి. నాకు మొదటి కాగితం జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న పూర్వవిద్యార్థి ఒకడి వల్ల చేరింది. "మాస్టారూ, మీకు తాళపత్రాలంటే ప్రాణం కదా, ఇదొకసారి చూడండి" అని చీటీ వ్రాసి, పాత సామానుల అంగడిలో కొన్న షేరు పత్రం పంపాడు. తరువాతివన్నీ నేను వెదికి కొన్నవే.

షేరు పత్రం చదవడం కూడా ఒక విద్యే. పత్రం మీద యజమాని పేరు వ్రాసి ఉంటే అది రిజిస్టరు పత్రం. కంపెనీ పుస్తకంలో ఆ పేరు మారితే గాని హక్కు చేతులు మారదు. పేరు లేక, ఎవరి చేతిలో ఉంటే వారిదే అన్న రీతిలో ఉంటే అది బేరర్ పత్రం. దాని అడుగున తపాలా బిళ్ళల వరుసల్లాగా చిన్న చిన్న కూపన్లుంటాయి. కంపెనీ డివిడెండు ప్రకటించినప్పుడల్లా ఒక కూపను కత్తిరించి ఇచ్చి సొమ్ము పుచ్చుకోవాలి. ఎన్ని కూపన్లు పోయాయో లెక్క పెట్టి, ఆ కంపెనీ ఎంతకాలం లాభం పంచిందో ఊహించవచ్చు. కొన్ని పత్రాలమీద ఇంగ్లీషు సరసన ఫ్రెంచి పాఠం కూడా కనిపిస్తుంది. ట్రాన్స్‌వాల్ బంగారం మీద పారిస్ నగరంలోనూ అంత మోజు ఉండేది. నడుమ చిల్లులు పొడిచి ఉంటే రద్దు అయిందని అర్థం. అంచుల్లో లతలు, మూలల్లో గని యంత్రాలు, పైన రాజముద్ర, కింద ఇద్దరు డైరెక్టర్ల చేవ్రాళ్ళు. చూడటానికి పెళ్ళి శుభలేఖ కంటే అందంగా ఉంటాయి.

తెలుగు పండితుడిగా బతుకు వెళ్ళదీసినవాణ్ణి కనుక ఈ పత్రాలు చూసినప్పుడల్లా నాకు దానశాసనాలు గుర్తుకు వస్తాయి. క్రీ.శ. 1053 నాటి నందంపూడి శాసనాన్ని తీసుకోండి. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చిన సందర్భం అది. దానశాసనాలలో దాత వంశక్రమం ఉంటుంది, ప్రతిగ్రహీత విద్వత్తు ఉంటుంది, ఊరి ఎల్లలు ఉంటాయి, దానాన్ని అపహరించినవాడికి తగిలే పాపం కూడా ఉంటుంది. ఆ భూమిని దున్నేవాడి పేరు మాత్రం సాధారణంగా ఉండదు. షేరు పత్రం అంతే. ఎవరికి ఎంత హక్కో పైసతో సహా చెబుతుంది. ఆ హక్కు ఎవరి నేలమీద, ఎవరి వెన్నుమీద నిలిచిందో చెప్పదు. ఈ మౌనాన్ని కూడా చదవడం నేర్చుకోకపోతే సేకర్తకు మిగిలేది రంగుల కాగితమే.

మొదట వజ్రాల కథ చూద్దాం. ఆరెంజ్ నది ప్రాంతంలో హోప్‌టౌన్ దగ్గర 1867లో మొదటి వజ్రం బయటపడింది. 1871 నాటికి కింబర్లీలో వేలమంది గుమిగూడి తవ్వడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి దక్కే క్లెయిమ్ అంటే సుమారు 31 అడుగుల చదరపు చెక్క. గుట్టగా ఉన్న చోటు చూస్తుండగానే మహాబిలంగా మారింది. 1872లోనే అక్కడి ఆఫ్రికన్ పనివారికి పాసు కాగితం తప్పనిసరి చేశారు. 1885 నుంచి వారిని కాంపౌండ్లలో పెట్టి, ఒప్పందం తీరేదాకా బయటికి వదలని పద్ధతి వచ్చింది. వజ్రం మింగి దాచుకుంటారేమోనని వారి ఒళ్ళు, మలం కూడా సోదా చేసేవారు. అదే ఊళ్ళో 1889లో సెసిల్ రోడ్స్‌కు చెందిన డి బీర్స్ కంపెనీ, పోటీదారైన కింబర్లీ సెంట్రల్ కంపెనీ ఆస్తిని కొంటూ ఒక చెక్కు వ్రాసింది. మొత్తం 53,38,650 పౌన్లు. వ్యాపార పత్రాల చరిత్రలో ఆ చెక్కుకు చాలా పేరుంది, దాని నకలును ఈనాటికీ గర్వంగా అచ్చువేస్తారు. ఆ చెక్కు, ఆ పాసు ఒకే బిలంలోంచి పుట్టిన కవల కాగితాలు. ఒకటి అద్దాల చట్రంలో ఉంది. రెండవది ఎవరి చొక్కా జేబులోనో చెమటకు తడిసి చిరిగిపోయింది.

వజ్రాల మాట వస్తే తెలుగువాడికి కొల్లూరు గుర్తు రాకమానదు. బ్రెజిల్‌లో గనులు బయటపడిన 18వ శతాబ్దం దాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాశాడు. అందులో ఒక్క మనిషి పేరైనా మనకు తెలుసా? కోహినూరు పేరు తెలుసు. రాతికి పేరు దక్కింది, రాయి తీసినవాడికి దక్కలేదు. కింబర్లీ మనకు అంత కొత్త కథేమీ కాదని చెప్పడానికే ఈ మాట.

ఇక కాగితం మనిషిని ఎలా మింగుతుందో తెలియాలంటే రడ్ ఒప్పందాన్ని చదవాలి. నేటి జింబాబ్వే నైరుతి భాగంలో ఆనాడు ఎన్‌డెబెలె రాజ్యం ఉండేది. రాజు లోబెంగులా, రాజధాని బులవాయో. 1888 అక్టోబరు 30న రోడ్స్ తరఫున చార్లెస్ రడ్, మరి ఇద్దరు ఆ రాజు చేత ఒక కాగితం మీద గుర్తు వేయించుకున్నారు. రాజుకు దక్కేది నెలకు 100 పౌన్లు, 1,000 మార్టినీ-హెన్రీ తుపాకులు, 1,00,000 తూటాలు, జాంబెజీ నదిలో తిరగడానికి ఒక ఆవిరి పడవ, లేదా దాని బదులు 500 పౌన్లు. వారికి దక్కేది రాజ్యంలోని లోహాలు, ఖనిజాలు సమస్తం మీద ఏకైక హక్కు. దుబాసీగా వ్యవహరించిన మిషనరీ హెల్మ్ తరువాత వ్రాసిన ఉత్తరం ప్రకారం, పదిమందికి మించి తెల్లవారిని తవ్వకానికి తేబోమని, రాజ్యపు చట్టాలకు లోబడి ఉంటామని నోటితో మాట ఇచ్చారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు.

నోటిమాటకు కట్టుబడే లోకానికీ కాగితానికి కట్టుబడే లోకానికీ మధ్య జరిగిన జూదం అది. పాచికలు ఎవరివో చెప్పనక్కరలేదు. మోసం తెలిసిన లోబెంగులా దూతలను లండన్‌కు పంపాడు, ఒప్పందం తనకు సమ్మతం కాదని రాణికి ఉత్తరాలు వ్రాయించాడు. అప్పటికే ఆ కాగితం లండన్ బజారులో మూలధనమైంది. దాని ఆధారంగా 1889 అక్టోబరులో బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీకి రాజశాసనం దక్కింది. 1893లో కంపెనీ రాజు మీదికి దండెత్తింది. దండులో చేరినవారికి ఒక్కొక్కరికి సుమారు 6,000 ఎకరాల భూమి, 20 బంగారు క్లెయిములు, దోచిన పశువుల్లో వాటా ఇస్తామని ముందే వ్రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. యుద్ధానికి ముందే దోపిడీకి దస్తావేజు వ్రాసుకోవడం చరిత్రలో ఎన్నిసార్లు జరిగిందో గాని, ఇది మాత్రం జరిగింది. లోబెంగులా పారిపోతూ 1894 నాటికి కన్నుమూశాడు.

ఆ కంపెనీ బేరర్ పత్రం ఒకటి నా పెట్టెలో ఉంది. దాని ముద్రలోని నినాదం న్యాయం, వాణిజ్యం, స్వేచ్ఛ. మూడింటిలో నడిమిది ఒక్కటే అక్కడ నిజంగా నడిచిందని నా అభిప్రాయం. విచిత్రమేమిటంటే ఆ కంపెనీ 1924 దాకా వాటాదారులకు ఒక్క డివిడెండు కూడా పంచలేదు. ముప్పై అయిదేళ్ళు లాభం లేని వ్యాపారం చేసింది. ఈలోగా పోలీసులను పెట్టింది, పన్నులు వసూలు చేసింది, యుద్ధాలు చేసింది. ఒక్కమాటలో చెప్పాలంటే దేశాన్ని ఏలింది. దక్షిణ రొడీషియాలో ఆ ఏలుబడి 1923 దాకా సాగింది. ఇంతకంటే చోద్యం 1918లో జరిగింది. లిప్పర్ట్ అనే వ్యక్తి 1891లో లోబెంగులా నుంచి పొందిన భూమి హక్కును కంపెనీ కొనుక్కుంది, అదే తన భూములకు మూలమని వాదించింది. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ పత్రానికి భూమి హక్కు పత్రంగా ఏ విలువా లేదని తేల్చింది. అయితే భూమి ఎవరిది? ఆఫ్రికన్లదని తీర్పు చెప్పలేదు, బ్రిటిష్ రాజ్యానిదని చెప్పింది. కాగితం చెల్లకపోయినా పోయిన నేల తిరిగి రాలేదన్నమాట.

బంగారం కథ వేరు. విట్‌వాటర్స్‌రాండ్ అనే కొండచాలు మీద 1886లో బంగారు పొర బయటపడింది. అదే ఏడు జొహన్నెస్‌బర్గ్ పుట్టింది, మరుసటి ఏడే, 1887లో, అక్కడ షేర్ల బజారు వెలిసింది. ఊళ్ళో వీధులు సరిగా పడకముందే కాగితాల క్రయవిక్రయాలు మొదలయ్యాయి. 1889 నాటికి గనులు కాస్త లోతుకు దిగాక రాయి స్వభావం మారింది. పైపొరలో పాదరసానికి లొంగిన బంగారం, గంధకం కలిసిన లోతు రాతిలో లొంగలేదు. షేర్లు కుప్పకూలాయి. స్కాట్లండ్‌లో రూపొందిన సైనైడ్ పద్ధతి 1890లో రాండ్‌కు చేరి గనులను మళ్ళీ నిలబెట్టింది. నా దగ్గరి పత్రాలలో ఆ పతనకాలంలో కాలం చేసిన కంపెనీలవి రెండున్నాయి. వాటి కూపన్లు ఒక్కటి కూడా కత్తిరించలేదు. పెళ్ళి కాకుండానే ముసలిదైపోయిన పట్టుచీరలా మడతలు నలగకుండా ఉన్నాయి.

సైనైడ్ వచ్చాక కూడా ఒక చిక్కు మిగిలింది. టన్ను రాయి పిండికొడితే వచ్చే బంగారం పది గ్రాములకు అటూ ఇటూగా ఉండేది. బంగారం ధర చూస్తే ఔన్సుకు సుమారు 85 షిల్లింగుల దగ్గర కట్టివేసినట్టుండేది. సరుకు ధర పెంచడానికి వీలులేని వ్యాపారంలో లాభం కావాలంటే ఖర్చు తగ్గించాలి. యంత్రాలు, సైనైడు, డైనమైటు ఖర్చు తగ్గవు. తగ్గేది కూలి ఒక్కటే. అందుకే గని యజమానులు తమలో తాము కూలి కోసం పోటీ పడకుండా ఒకే సంస్థ ద్వారా కూలీలను తెప్పించుకునే ఏర్పాటు చేసుకున్నారు. బోయర్ యుద్ధం 1902లో ముగిశాక ఆఫ్రికన్లు ఆ కూలికి రాకపోతే 1904 నుంచి 1910 వరకు 63,000 మందికి పైగా చైనా కూలీలను దించారు, పని తీరాక తిప్పి పంపారు. నల్లజాతి గని కార్మికుడి నిజవేతనం 1911లో ఎంతో 1969లోనూ అంతకు మించలేదని ఆర్థికశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ విల్సన్ 1972లో ప్రచురించిన పుస్తకంలో లెక్కలతో చూపించాడు. దాదాపు అరవయ్యేళ్ళు! ఆ అరవయ్యేళ్ళలో కత్తిరించిన కూపన్లు నా పెట్టెలో లేవు గాని, కత్తిరించిన ఆనవాళ్ళు ఉన్నాయి.

ఇక మనవారి సంగతి. దక్షిణాఫ్రికా గనుల కాగితాలతో తెలుగువాడికేమి పని అని అడిగేవారికి నా సమాధానం నేటాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవులో 342 మందిని దింపింది. అప్పటినుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్ చేరారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవారే. మన కోస్తా జిల్లాలవారు, చిత్తూరు వైపువారు అందులో చాలామంది. ఎక్కువమంది చెరకు తోటలకు వెళ్ళారు, కొందరు రైలు మార్గాలకు, మరికొందరు ఉత్తర నేటాల్‌లోని డండీ, న్యూకాసిల్ బొగ్గు గనులకు. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు, అయిదేళ్ళ ఒప్పందం. తిండి గింజలు వేరు. నా దగ్గరున్న ఒక్క పౌను షేరు పత్రాన్ని ఆ కూలి కొనాలంటే మొదటి ఏటి జీతంలో రెండు నెలలది దానికే పోతుంది. ఈ లెక్క తెలిసిన తరువాత ఆ పత్రాన్ని మునుపటిలా చూడలేకపోయాను.

ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి జాబితా వ్రాశారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ. ఆ జాబితాలు నేటికీ డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి, చాలావరకు కంప్యూటరులోకి కూడా ఎక్కాయి. వాటిని చదవడంలో నా చదువు కాస్త అక్కరకు వచ్చింది. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లూర్ అంటే ఏలూరు. ఇవి తేలికే. మారుమూల గ్రామాల పేర్లే కష్టం. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ళకార లకారాలు ఒకటే, డకార రకారాలు ఒకటే, పొల్లుకూ అజంతానికీ తేడా లేదు. వలస అనో, పేట అనో, పాలెం అనో ముగిసే ఊరి చివరి భాగాన్ని ముందు పట్టుకుని, మొదటి భాగానికి తరువాత రావాలి. పేరులో అప్పల అన్న ముక్క కనిపిస్తే సింహాద్రి అప్పన్న సీమ నుంచి వెళ్ళినవారని దాదాపుగా చెప్పవచ్చు. గ్రంథపరిష్కారంలో లేఖకదోషాలను సవరించే పద్ధతి ఇక్కడ మనుషుల పేర్లకు పనికివచ్చింది.

ఇప్పుడు నా సేకరణలో నన్ను అన్నిటికంటె ఎక్కువ ఇబ్బంది పెట్టిన కాగితం సంగతి చెబుతాను. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం తీరాక స్వదేశానికి వెళ్ళక, మళ్ళీ ఒప్పందం వ్రాయక అక్కడే ఉండేవారు ఏటా మూడు పౌన్లు కట్టి లైసెన్సు పొందాలి. మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పదమూడు నిండితే వారూ కట్టాలి. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి కూలికి ఆరు నెలల జీతం. కొన్నేళ్ళ క్రితం ఇంగ్లండులోని ఒక అమ్మకందారు పాత గని కాగితాల కట్టలో అటువంటి లైసెన్సు ఒకటి అమ్మకానికి పెట్టాడు. ఆడమనిషిది. లతలు లేవు, రాజముద్ర అరిగిపోయింది, కాగితం ముతక. అందువల్ల వెల కూడా తక్కువే. షేరు పత్రం ఖరీదులో నాలుగో వంతు లేదు. దానిమీది సంఖ్యను ఓడ జాబితాలో వెదికాను. జిల్లా విశాఖపట్నం, తాలూకా భీమునిపట్నం. గ్రామం పేరు రెండు రోజులు కుస్తీపట్టి తేల్చుకున్నాను. ఆ ఊరు ఇప్పటికీ ఉంది. ఆవిడ పేరు ఇక్కడ వ్రాయను. అది ఆవిడ కుటుంబానికి చెందిన పేరు, నా వ్యాసానికి అలంకారం కాదు.

కొనాలా వద్దా? కంపెనీ పత్రం కొంటే కంపెనీకి లజ్జ లేదు. ఒక మనిషి మెడకు కట్టిన బిళ్ళ వంటి కాగితాన్ని సరదాకు కొని, రేకు పెట్టెలో రోడ్స్ కంపెనీ పత్రం పక్కన పెట్టుకోవడం ఏ న్యాయం? కొనకపోతే మరెవరో కొని గోడకు తగిలించుకుంటారు. చివరకు కొన్నాను. కొన్నాక అది ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మా మిత్రుడు, లెక్కల మాస్టారు, గట్టిగా పట్టుబట్టారు.

"మన పిల్ల కాగితం అండీ అది! నూరేళ్ళకు పైగా పరాయి దేశాల్లో తిరిగి ఇంటికి వచ్చింది. మళ్ళీ ఓడ ఎక్కిస్తారా మాస్టారూ? మన జిల్లాలోనే ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి."

మాట మనసుకు తగిలింది. రెండు నెలలు ఆలోచించాను. ఆవిడ పుట్టిన ఊరు ఆవిడ వెళ్ళిన సంగతిని ఎక్కడా వ్రాసిపెట్టుకోలేదు. ఆవిడ కోసం వెదికేవారంటూ ఎవరైనా ఉంటే సముద్రానికి ఆవలే ఉంటారు. దక్షిణాఫ్రికాలోని మనవారు 1931లోనే ఆంధ్ర మహాసభ స్థాపించుకుని భాషను కాపాడుకోవడానికి పాటుపడ్డారు. పూర్వుల ఊరు తెలుసుకోవడానికి, ప్రవాస భారతీయ పౌరుల కార్డుకు దరఖాస్తు పెట్టుకోవడానికి నేటికీ వారు ఆ ఓడ జాబితాల నకళ్ళనే ఆశ్రయిస్తారు. మనకు అది ఆసక్తి. వారికి అది ఆధారం. ఆధారం అవసరమైనవారికి దగ్గరలో ఉండటమే సబబని తోచింది. గ్రామనామం విషయమై నా వివరణను ఇంగ్లీషులో వ్రాసి జతపరచి, డర్బన్‌లోని ఒక పత్రాల భాండాగారానికి పంపించాను. లెక్కల మాస్టారు వారం రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత ఆయనే వచ్చి, "రసీదు వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. ఆవిడ కోసం ఎవరైనా వచ్చారా అంటే ఇంతవరకు నాకు కబురు లేదు.

కాగితం ఆధారమన్నది ఉత్త మాట కాదు. గనుల్లోని రాతిధూళి ఊపిరితిత్తులను గట్టిపరచే జబ్బును సిలికోసిస్ అంటారు. 1900ల మొదటి దశకంలోనే రాండ్ గనుల్లో దానిమీద విచారణ సంఘం కూర్చుంది. నూరేళ్ళ తరువాత, 2019 జులైలో, జొహన్నెస్‌బర్గ్ హైకోర్టు ఆరు గని కంపెనీలకూ కార్మికులకూ మధ్య సుమారు 500 కోట్ల రాండ్ల పరిహార ఒప్పందాన్ని ఆమోదించింది. 1965 మార్చి 12 తరువాత ఆ గనుల్లో పనిచేసి జబ్బు పడ్డవారికి, చనిపోయినవారి కుటుంబాలకు అది వర్తిస్తుంది. లెసోతోలోనో మొజాంబిక్‌లోనో ఉన్న ముసలి వితంతువు, నా భర్త ఫలానా గనిలో పనిచేశాడు అని చెబితే చాలదు. పని చేసినట్టు నమోదు ఉండాలి. కూలీలను చేర్చుకున్న నాటి కార్డు, వేలిముద్ర, సంఖ్య. లతలు లేని, వెల లేని కాగితాలు. వాటిలో ఒక్కటి దొరికితే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నా పెట్టెలోని నలభై పత్రాలూ కలిపినా ఒక్కరి ఇంట్లో దీపం పెట్టలేవు.

కాగితాలను దాచుకోవడమే కాదు, కాల్చడం కూడా చరిత్రే. ఇదే జొహన్నెస్‌బర్గ్‌లో 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో భారతీయులు సభ చేసి, తమ రిజిస్ట్రేషన్ పత్రాలను రెండువేలకు పైగా ఒక పెద్ద ఇనుప బానలో వేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. గాంధీగారి నాయకత్వంలో జరిగిన పని అది. 1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు మూడు పౌన్ల పన్నుమీద సమ్మె కట్టారు. పట్టుబడ్డవారిని ఉంచడానికి జైళ్ళు చాలక గని కాంపౌండ్లనే జైళ్ళుగా ప్రకటించి, గని మేస్త్రీలనే వార్డర్లుగా నియమించారు. 1914లో ఆ పన్ను రద్దయింది. ఏ లైసెన్సు కోసం ఆవిడ ఆరు నెలల కూలి ధారపోసిందో ఆ లైసెన్సు అప్పటినుంచి చెల్లని కాగితమైంది. చెల్లకుండా పోవడమే దాని విజయం.

ఈ సేకరణ మొదలుపెట్టాలనుకునే మిత్రులకు నాలుగు మాటలు. పత్రాలను ప్లాస్టిక్ టేపుతో అతికించవద్దు, కొన్నేళ్ళకు జిగురు కాగితాన్ని తినేస్తుంది. గుండుసూదులు, పిన్నులు తీసివేయండి, మన కోస్తా తేమకు తుప్పు పట్టి అచ్చు పడతాయి. చేవ్రాలు సిరాతో చేసినదో అచ్చువేసినదో భూతద్దంతో చూసి గాని వెల చెల్లించవద్దు. అన్నిటికంటే ముఖ్యం, కంపెనీ పత్రం ఒకటి కొన్నప్పుడల్లా ఆ గనిలో పనిచేసినవారి గురించి ఒక పుటైనా చదివి, ఆ వివరం వేరే కాగితం మీద వ్రాసి పత్రంతో కలిపి పెట్టండి. నా పెట్టెలో ఇప్పుడు ప్రతి షేరు పత్రం వెనుక అటువంటి చీటీ ఒకటి ఉంది. నెలకు ఎంత కూలి, ఎన్ని గంటల పని, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, ఏ జబ్బుతో పోయారు. తెలిసినంతవరకే వ్రాశాను. నా తరువాత ఈ పెట్టె ఎవరి చేతికి వెళ్ళినా పత్రాన్ని చీటీ నుంచి విడదీసి అమ్మవద్దని పిల్లలకు చెప్పి ఉంచాను.